గాడిలో మిగిలింది

డెర్బీషైర్ గుట్టల మీద నవంబరు.
రాతిగోడల మధ్య దారి
ఎటు పోతోందో దారికే తెలియనంత మంచు.
మ్యూరియల్ స్పెండ్‌లవ్ సైకిలు గోడకి చేరేసి
బూట్ల బురద గడప మీద వదిలి
పశువుల కొట్టంలోకి వంగి వచ్చింది.
చంకలో ప్రశ్నల పుస్తకం, చెవి మీద పెన్సిలు.
మాటలు ఏరుకు రమ్మని పంపారు యూనివర్సిటీవాళ్లు,
ముసలి నోళ్లలో పళ్లతో పాటు రాలిపోకముందే.

జేబెజ్ ఆల్‌సప్‌కి ఎనభై ఒకటి.
ఆవు డొక్కకి నుదురానించి పాలు పితుకుతున్నాడు.
ఎవరేమడిగినా జవాబు ఆ డొక్కకే చెబుతాడు.

"ఆవు తినకుండా గాడిలో వదిలేస్తుందే గడ్డి,
దాన్నేమంటారు మీరు?"

బాల్చీలో ధారల చప్పుడు ఆగింది.
"ఓర్ట్స్."
"ఓట్సా?"
"ఓట్స్ మనం దానికి పెట్టేది.
ఓర్ట్స్ అది మనకి తిప్పికొట్టేది."

ఇక నోరాగలేదు ముసలాయనకి.
చిక్కుడుగింజలు ఒక్కొక్కటే
పళ్లెం అంచుకి నెట్టే పిల్లదీ ఓర్ట్ చేస్తున్నట్టేనట.
"మా తమ్ముడి కొడుకు గిల్బర్ట్ ఉన్నాడు,
ఈ లోయలో ఆడపిల్లలందర్నీ ఓర్ట్ చేశాడు.
ఇప్పుడు యాభై రెండు.
తన గుడ్డు తనే ఉడకేసుకుంటాడు."
ఆవు తోకతో ఆయన చెంప మీద ఒకటిచ్చింది.

రాత్రి, థర్జా బాగ్‌షా ఇంటి మేడగదిలో
వేడినీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని
మ్యూరియల్ లావుపాటి నిఘంటువు తిప్పింది.
ఉత్తర సముద్రం అవతలి పల్లపు నేలల్లో పుట్టి ఉండొచ్చట.
ముందు ముక్క 'కాదు', వెనక ముక్క 'తినడం'.
రెండూ అతుక్కుని, అరిగి, ఒక్క గుటక మాటైంది:
తిననిది.

ఇక్కడ నేను కాస్త అడ్డొస్తాను.
మనం దీన్ని ఎంగిలి అనేస్తాం, తొందరపడి.
కానీ ఎంగిలికి పెదవులుంటాయి, ఉమ్మి తడి ఉంటుంది,
ఎవరో కొరికిచ్చిన జామకాయ మీద పంటిగాటు ఉంటుంది,
దాని వెనక ముద్దూ ఉంటుంది, వెలీ ఉంటుంది.
ఈ మాటకి నోరే తగల్లేదు.
ముట్టి వదిలింది ఎంగిలి.
ముట్టకుండా వదిలింది ఇది.
రెంటికీ మధ్య
వాసన చూసి తల తిప్పుకున్న ఆవు ఊపిరంత దూరం.

కింద వంటింట్లో థర్జా
అప్పటికే మూడు పళ్లేలు పెట్టింది. ఉన్నది ఇద్దరు.
ఓట్సు రొట్టె, దాని మీద పలచగా బేకన్.
మూడోదాని మీద ఇంకో పళ్లెం బోర్లించి
పొయ్యి పక్కన ఉంచింది, ఖాళీ కుర్చీకి అందేలా.
మార్చిలో సున్నపురాయి గనిలో గోడ జారింది.
ఆ సంగతి ఆమె చెప్పలేదు.
జేబెజ్, ఆవుకి చెప్పాడు.

పొద్దున పై పళ్లెం ఎత్తింది.
రొట్టె బిరుసెక్కి, కొవ్వు తెల్లగా పేరుకుని,
ఎక్కడా వేలిముద్రైనా లేదు.
'రాత్రి ఓర్ట్స్ పొద్దుటికి మంచి మేత'
అన్నాడు కదా ముసలాయన నిన్న, సామెత అంటూ.
మ్యూరియల్ చెయ్యి చెవి మీదికి పోయింది.
ఇంకో నోట అదే మాట దొరికితే
కార్డు మీద ఇంకో టిక్కు.

"దీన్నేమంటారు మీరు?"

థర్జా గుమ్మంలో నిలబడి కోళ్లకి విదిలించింది.
ఒక పుంజు, నాలుగు పెట్టలు. అంతా రెప్పపాటు.
పళ్లెం ఏప్రన్‌కి తుడుచుకుంటూ
"అమోస్ భోజనం," అంది.

పుస్తకంలో దానికి నంబరు లేదు.
పెన్సిలు చెవి మీదే ఉండిపోయింది
పక్క ఊరిదాకా,
గుట్ట ఎక్కినా, దిగినా.